నిదానమే ప్రధానం
(‘మా మాస్టారు’ స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసమంటే ముందుగా ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు చెప్పి, ఊరూ పుట్టిన సంవత్సరమూ చెప్పి, తర్వాత అసలు విషయంలోకి రావడం ఆనవాయితీ. ఈ స్మారకనిధి పెట్టిన అమ్మగారు, మాస్టారి భార్య, మాత్రం నాకు ఒక షరతు పెట్టారు. ఆయన పేరు అచ్చులో వేయకూడదు, వేదిక మీద పలకకూడదు. ఆహ్వానపత్రంలో ‘మా మాస్టారు’ అని మాత్రమే ఉండటం మీరు గమనించే ఉంటారు. ఎందుకమ్మా అని అడిగాను, చెప్పారు. ఆ మాట చివర చెబుతాను.

మాస్టారు చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పారు. బడి వదిలాక రెండెకరాల మిరప, మూడెకరాల పత్తి చూసుకున్నారు. జవాబు తప్పినా వరస సరిగ్గా ఉంటే సగం మార్కులిచ్చేవారు. వరస చూపించకుండా జవాబు మాత్రమే వేస్తే, అది సరైనదే అయినా సున్నా పెట్టేవారు. పరీక్ష హాల్లో మా వెనక నడుస్తూ ఆయన అనే మాట ఒకటే: “నిదానంరా, నిదానం.”

తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. వైద్యుడి నోట నిదానమంటే రోగమేమిటో తేల్చడం. మన ఆయుర్వేదంలో రోగాన్ని గుర్తుపట్టే విద్యకు ప్రత్యేకంగా ఉన్న గ్రంథం పేరు మాధవ నిదానం. నిదానమే ప్రధానమని మన పెద్దలు అన్నది మొదటి అర్థంలో కావచ్చు. మతిమరుపు జబ్బు దగ్గర మాత్రం రెండర్థాలూ ఒక్కటే అవుతాయి. తొందరపడినవాడికి ఇది కనపడదు. ఆ సంగతి పుస్తకంలో చదివి చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని చెబుతున్నాను.

చాదస్తం చాటున

మాస్టారికి డెబ్భై దాటిన కొత్తలో అడిగిందే అడగడం మొదలైంది. పాలవాడు వచ్చాడా అని పొద్దున్నే నాలుగుసార్లు అడిగేవారు. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలి, తిరిగొచ్చి, కమీషన్ ఏజెంటు నాలుగు టిక్కీలు ఎగ్గొట్టాడని గొడవ పెట్టారు. చీటీ చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. ఇంట్లోవాళ్ళు దానికి పెట్టిన పేరు చాదస్తం. ఇది మన ఇళ్ళల్లో బాగా చలామణిలో ఉన్న రోగనిర్ణయం. దీనికి డాక్టరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. మందూ లేదు, ఓర్చుకోవడం తప్ప.

అమ్మగారు ఓర్చుకోలేక ఆయన్ను గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. ఆ డాక్టరు బీపీ చూశాడు. “బాగున్నారా మాస్టారూ” అన్నాడు. “బాగున్నానురా, నీ పిల్లలేం చదువుతున్నారు” అన్నారాయన. రాత్రి ఏం తిన్నారని అడిగితే అమ్మగారి వైపు తిరిగి నవ్వారు. ఆవిడే చెప్పింది. వయసు మీద పడింది, అంతేనమ్మా అని బలానికి మాత్రలు రాసి పంపించాడు. మొత్తం ఏడెనిమిది నిమిషాలు.

ఆ డాక్టరును నేనే.

ఆ తల తిప్పడాన్ని ఆరోజు నేను భార్యాభర్తల అన్యోన్యత అనుకున్నాను. అది వైద్యంలో పేరున్న గుర్తు. జవాబు తెలియనప్పుడు పక్కనున్న మనిషి వైపు తిరగడం అల్జైమర్స్‌లో తరచుగా కనిపిస్తుంది. లివర్‌పూల్‌లో లార్నర్ అనే న్యూరాలజిస్టు ఇలాంటి చిన్న గుర్తులను లెక్కగట్టి చూశారు. ఆయన చెప్పిన మరో గుర్తు కూడా ఉంది: మతిమరుపని చెప్పుకుంటూ ఒంటరిగా క్లినిక్కుకు వచ్చిన మనిషికి డిమెన్షియా ఉండే అవకాశం తక్కువ. ఈ రెండోది మనకు పనికిరాదు. మనూళ్ళో జ్వరమొచ్చినవాడి వెంట కూడా నలుగురొస్తారు. ఒక దేశంలో పనికొచ్చే కొలబద్ద ఇంకో దేశంలో ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు. దూరంగా ఉన్న పిల్లలకూ ఇదే చిక్కు. వారానికోసారి డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో వీడియో కాల్ చేసే కొడుక్కి తండ్రి పది నిమిషాలు చక్కగానే మాట్లాడతాడు. పలకరింపు మాటలు చివరిదాకా మిగిలే మాటలు.

మాస్టారు పోయాక అమ్మగారు ఆయన జమాఖర్చుల పుస్తకాలు నా చేతికిచ్చారు. ఏటికొక పుస్తకం. కూలీల హాజరు, పురుగుమందుల బాకీ, కోతల ఖర్చు, యార్డులో పడిన ధర. పాత పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. నా దగ్గరికి రావడానికి మూడేళ్ళ ముందు నుంచి కూడికల్లో తప్పులు పడ్డాయి. ఒకే బాకీ రెండుసార్లు తీర్చారు. ఒక పేజీలో కూలీల పేర్లున్నాయి, ఎదురుగా అంకెలు లేవు. లెక్కల మాస్టారి పుస్తకంలో అంకెలు మాయమైతే ఇంకేం పరీక్ష కావాలి? అమెరికాలో 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఎనభై వేలకు పైగా వృద్ధుల అప్పుల చెల్లింపుల రికార్డులనూ వైద్య రికార్డులనూ కలిపి చూశారు. డిమెన్షియా అని తేలడానికి ఆరేళ్ళ ముందు నుంచే వాయిదాలు తప్పడం కనిపించింది. ఆ సంగతి బ్యాంకుల కంప్యూటర్లలో దొరికింది. మన దగ్గర అటక మీద అట్టపుస్తకంలో దొరుకుతుంది.

చూడాలంటే చావాల్సిన జబ్బు

1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో 51 ఏళ్ళ అగుస్తె డేటర్‌ను చేర్చారు. అలోయిస్ అల్జైమర్ అనే డాక్టరు ఆమె ఎదుట కూర్చుని ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నాడు. ఆమె కాలీఫ్లవరు, పందిమాంసం తింటూ ఉంటే ఏం తింటున్నారని అడిగాడు. పాలకూర అంది. తన పేరు రాయమంటే మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయింది. 1906 ఏప్రిల్లో ఆమె చనిపోయింది. మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కణాల బయట మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఆ నవంబరులోనే ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో చెప్పాడు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జైమర్ పేరు పెట్టాడు.

మచ్చల్లో ఉన్నది బీటా అమిలాయిడ్ అనే ప్రొటీను, పోగుల్లో ఉన్నది టావ్ అనే ప్రొటీను. దాదాపు వందేళ్ళపాటు వీటిని కళ్ళారా చూడాలంటే మనిషి పోవాల్సిందే. బతికున్నవాళ్ళకు ‘బహుశా అల్జైమర్స్’ అని రాసేవాళ్ళం. 2004లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు అమిలాయిడ్‌కు అతుక్కునే ఒక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, పెట్ స్కాన్‌లో మచ్చలు వెలిగేటట్టు చేసిన ఫలితాలు అచ్చువేశారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మతిమరుపు బయటపడటానికి పదిహేను ఇరవయ్యేళ్ళ ముందే మచ్చలు పేరుకోవడం మొదలవుతుంది. అంటే మాస్టారు మాకు వర్గసమీకరణాలు తప్పులేకుండా చెబుతున్న చివరి రోజుల్లోనే ఆయన మెదడులో ఈ పని మొదలై ఉండవచ్చు.

పెన్ను పట్టనివాళ్ళకు పెన్ను పరీక్ష

స్కాను సంగతి అలా ఉంచండి. మనిషికి ఎంతవరకు జ్ఞాపకం ఉందో తేల్చేది ఇప్పటికీ ప్రశ్నలే. ప్రపంచమంతా వాడే ముప్పై మార్కుల మినీ మెంటల్ పరీక్షను 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ తయారు చేశారు. ఈరోజు తేదీ ఎంత, ఎన్నో అంతస్తులో ఉన్నారు, వందలోంచి ఏడు తీసేస్తూ పోండి, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి. మా మాస్టారికి ఇది సరిపోతుంది. ఆయన చేలో పత్తి తీసిన ఆడమనిషికి సరిపోతుందా? జబ్బు లేకుండానే ఆవిడ సగం మార్కులు పోగొట్టుకుంటుంది. ఇటు మా మాస్టారి లాంటివాళ్ళు జబ్బు వచ్చినా చదువు బలంతో గట్టెక్కుతారు. ఒకే కాగితం ఇద్దరికీ రెండు రకాల అన్యాయం చేస్తుంది.

ఈ చిక్కును మన దేశంలో మొదట గట్టిగా పట్టించుకున్నది హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన భారత అమెరికా ఉమ్మడి అధ్యయనం. 1995లో మేరీ గంగూలీ, విజయ్ చంద్ర బృందం చదువురాని పల్లెజనం కోసం హిందీ పరీక్షను అచ్చువేసింది. కాగితం మీది ఆజ్ఞ చదివి కళ్ళు మూసుకోమనే చోట, నా ముఖం చూసి నేను చేసినట్టు చేయండి అన్నారు. వాక్యం రాయమనే చోట మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి అన్నారు.

తెలుగులో ఆ పని హైదరాబాదు నిమ్స్‌లో జరిగింది. కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్ పరీక్షను అక్కడ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగుకు మలిచింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాల్లో ఒకే తీరున పనికొచ్చే పరీక్షల పెట్టెను తయారు చేయించింది. ఇలాంటి పనిలో అనువాదం సులువు, కష్టమంతా సమానత్వం తేవడంలో ఉంది. తెలుగు ప్రశ్న ఇంగ్లీషు ప్రశ్నంత బరువే ఉండాలి, అంతకన్నా తేలికగానూ బరువుగానూ ఉండకూడదు.

నా క్లినిక్కులో నేను నేర్చుకున్నది కూడా ఆ దారిలోనిదే. మొన్న ఒకావిడను ఈరోజు తేదీ ఎంతమ్మా అంటే నాకేం తెలుసయ్యా అంది. ఏ కార్తెలో ఉన్నామని అడిగితే, “ఉత్తర కార్తె వచ్చి మూడు రోజులైంది, చినుకు లేదు” అని టక్కున చెప్పింది. ఆవిడ కాలంలోనే ఉంది. మన క్యాలెండరులో లేదు, అంతే. అలాగే మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళను వారం కూలీ ఎంతొచ్చిందో చెప్పమంటాను, కోడలు చెప్పిన అంకెతో పోల్చుకుంటాను. ఇవి అధికారిక పరీక్షలు కావు. అధికారిక పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చుకునే జల్లెడ.

నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్కు పేరు ప్రపంచానికి తెలిసింది ఇంకో విషయం వల్ల. 2013లో న్యూరాలజీ పత్రికలో ఆ బృందం ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్‌తో కలిసి ఒక వ్యాసం అచ్చువేసింది. డిమెన్షియా ఉన్న 648 మందిని చూశారు. అందులో 391 మంది రెండో భాష వచ్చినవాళ్ళు. ఒకే భాష వచ్చినవాళ్ళలో జబ్బు సగటున 61 ఏళ్ళకు మొదలైతే, రెండు భాషలవాళ్ళలో 65 దాటాక మొదలైంది. తేడా నాలుగున్నరేళ్ళు. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వస్తే చాలామంది కొట్టిపారేశారు. అక్కడ రెండు భాషలు వచ్చేది వలస వచ్చినవాళ్ళకు, వాళ్ళ బతుకే వేరు కదా అన్నారు. హైదరాబాదులో ఆ అభ్యంతరం నిలవదు. తెలుగు, దక్కనీ, హిందీ అక్కడ వీధిలోనే అబ్బుతాయి. చదువు వల్ల వచ్చిన లాభం కాబోలు అన్నవాళ్ళకూ జవాబు దొరికింది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ రెండో భాష ఉన్నవాళ్ళకు జబ్బు ఆలస్యంగా వచ్చింది. మూడోది, నాలుగోది వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

దీన్ని రెండు భాషలొస్తే మతిమరుపు రాదని చెప్పుకుంటున్నారు. అలా కాదు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళను చూసిన అధ్యయనమది, ఊరంతా తిరిగి చూసింది కాదు. జబ్బు ఆగదు, తట్టుకునే శక్తి పెరుగుతుందని దాని అర్థం. ఆ శక్తి బడిలోనే రావాలని లేదు. ఉత్తరాది వ్యాపారితో హిందీలోనూ, చెన్నపట్నం వ్యాపారితో అరవంలోనూ బేరమాడే మన యార్డు ముఠామేస్త్రి మెదడు ఏ విశ్వవిద్యాలయానికీ తీసిపోని వ్యాయామం చేస్తోంది.

నెత్తురు చుక్కలో జోస్యం

ఇప్పుడు పత్రికల్లో వస్తున్న రక్తపరీక్ష సంగతి. టావ్ ప్రొటీనులో 217వ చోట ఫాస్ఫేటు చేరిన రూపం, పి-టావ్ 217, మెదడులో అమిలాయిడ్ పేరుకున్నవాళ్ళ రక్తంలో పెరుగుతుంది. 2024లో స్వీడన్‌లో మతిమరుపు ఫిర్యాదుతో డాక్టర్ల దగ్గరికి వచ్చిన 1,213 మందిని చూశారు. ఇది అల్జైమర్సేనా కాదా అన్నది మామూలు డాక్టర్లు నూటికి 61 మందిలో, నిపుణులు 73 మందిలో సరిగ్గా చెప్పారు. రక్తపరీక్ష 91 మందిలో చెప్పింది. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి పరీక్షకు మొదటిసారి అనుమతి ఇచ్చింది. అలా తప్పు చెప్పే మామూలు డాక్టర్లలో నేను కూడా ఒకణ్ణి కాబట్టి నాకు ఈ పరీక్ష మీద గౌరవముంది.

అయితే ఆ అనుమతిలోని షరతు చదవండి. 55 దాటి, మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నవాళ్ళకే. బాగున్నవాళ్ళకు కాదు. ఎందుకు కాదో మాస్టారి పద్ధతిలో, వరస చూపించి చెబుతాను.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, మొత్తం దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన లాసీ-డాడ్ జాతీయ అధ్యయనం తేల్చింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. లెక్క సులువుగా ఉండటానికి వెయ్యిమంది వృద్ధుల్లో 70 మందికి జబ్బుందని అనుకుందాం. ఒక పరీక్ష ఉంది. జబ్బున్న వందలో 90 మందిని పడుతుంది, లేని వందలో 90 మందిని వదిలేస్తుంది. మంచి పరీక్షే. 70లో 63 మంది దొరుకుతారు. జబ్బు లేని 930లో పదోవంతు, అంటే 93 మందికి, లేకపోయినా ఉందని చెబుతుంది. మొత్తం 156 మందికి ‘ఉంది’ అన్న కాగితం చేతికొస్తుంది. అందులో నిజంగా ఉన్నది 63 మందికే. అదే పరీక్షను సగంమందికి జబ్బున్న స్పెషలిస్టు క్లినిక్కులో వెయ్యిమందికి చేస్తే 500 మందికి ఉందంటుంది, అందులో 450 నిజం. పరీక్ష మారలేదు, చేయించుకున్నవాళ్ళు మారారు. యార్డులో మచ్చు తీసి చూసేవాడు కూడా ఏ ఊరి సరుకో అడక్కుండా ధర చెప్పడు.

ఇంకో చిక్కుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ రక్తంలో ఈ టావ్ ఊరికే పెరిగి కనిపిస్తుంది. అటు ఉద్దానంలోనూ, ఇటు కనిగిరి వైపూ కిడ్నీ బాధితులున్న రాష్ట్రం మనది. క్రియాటినిన్ చూడకుండా ఈ కాగితం చదవకూడదు.

లక్షణాలు లేని మనిషి రక్తంలో గుర్తులు కనిపిస్తే అతన్ని రోగి అనాలా? 2024లో నిపుణులే రెండుగా చీలిపోయారు. మేయో క్లినిక్కుకు చెందిన క్లిఫర్డ్ జాక్ బృందం, గుర్తులుంటే జబ్బున్నట్టే అంది. పారిస్‌లో బ్రూనో దుబ్వా బృందం, గుర్తులున్నా చాలామంది మతి చెదరకుండానే బతికి వెళ్ళిపోతారు, వాళ్ళకు ముప్పు ఉందనాలే తప్ప జబ్బుందని అనకూడదంది. నా ఓటు రెండోవాళ్ళకు. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్, డొనానెమాబ్ మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది కానీ, అవి తొలిదశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, నయం చేయవు. మెదడులో వాపు, నెత్తురు చెమ్మ వచ్చే ప్రమాదముంది కాబట్టి ఎమ్మారైలు తీస్తూ కాచుకోవాలి. అలాంటప్పుడు యాభై ఏళ్ళ ఆరోగ్యవంతుడికి జోస్యం చెప్పి పంపిస్తే అతని ఇంటికి పంపింది భయాన్నే.

చేను మీద కొట్టిన మందు

ఈ నేల మీద నిలబడి ఈ విషయం మాట్లాడేవాడు పత్తిని దాటిపోకూడదు. 1980ల్లో తెల్లదోమ మీద, కాయ తొలిచే పురుగు మీద మందు మీద మందు కొట్టాం. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఆ డబ్బాలే తాగి ప్రాణాలు తీసుకున్నారు. హౌస్ సర్జన్లుగా మేం రాత్రుళ్ళు నేర్చుకున్న వైద్యం ఆ విషానికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడమే.

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేటులు నరాల సందుల్లో ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును కట్టేస్తాయి. అల్జైమర్స్‌కు 1996 నుంచి ఇస్తున్న డోనెపెజిల్ మాత్ర కట్టేసేదీ ఆ ఎంజైమునే. మాత్ర కొద్దిగా, విడిచిపెట్టేటట్టు కడుతుంది. పురుగుమందు ఉక్కిరిబిక్కిరి చేసి కడుతుంది. పురుగును చంపడానికి కొట్టింది, మతి నిలపడానికి మింగించేది ఒకే తాళం మీద పనిచేస్తాయంటే మా పత్తిరైతు నమ్మడు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని కాష్ కౌంటీ అనే వ్యవసాయ ప్రాంతంలో జరిపి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, వృత్తిరీత్యా పురుగుమందులు తగిలినవాళ్ళకు అల్జైమర్స్ ముప్పు ఎక్కువగా కనిపించింది. దీన్నిబట్టి మాస్టారి జబ్బుకు మోనోక్రోటోఫాసే కారణమని తేల్చేస్తే ఆయన సున్నా మార్కులిస్తారు. అక్కడి లెక్క ఇక్కడికి జవాబు కాదు. ఇక్కడి వరస ఇక్కడే వేయాలి.

ఎలా వేయాలో పక్క రాష్ట్రంలో చూపిస్తున్నారు. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర మామిడి సీమ. కన్నడమూ తెలుగూ కలిసి వినిపించే పల్లెలవి. బెంగళూరు ఐఐఎస్‌సీలోని మెదడు పరిశోధన కేంద్రం 2018లో అక్కడ ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టింది. 45 దాటిన పదివేల మంది పల్లెవాసులను ఏళ్ళ తరబడి వెంట ఉండి చూడటం లక్ష్యం. రక్తం, జన్యువులు, ఎమ్మారై, నడక, జ్ఞాపకం అన్నీ చూస్తారు. ఎవరికి మతి చెదురుతుందో, ఎవరికి చెదరదో, రెండో రకంవాళ్ళలో ఏముందో కాలమే చెబుతుంది. ఆ కేంద్రం వ్యవస్థాపక డైరెక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రవేత్త. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్నంలో మొదలైన ఇలాంటి ఓపిక వల్లనే బీపీ గుండెకు చేసే చేటు లోకానికి తెలిసింది. మిరప, పత్తి చేలల్లో అలాంటి వరస మన వైద్య కళాశాలలు ఎందుకు మొదలుపెట్టకూడదు?

డబ్బూ స్కానులూ లేని చోట కూడా ఊరూరా తిరిగిన వైద్యుడు ఏం సాధించగలడో కొలంబియా చెబుతుంది. అంతియోకియా కొండల్లో కొన్ని కుటుంబాల్లో నలభై దాటేసరికి మతి పోయేది. ఊరివాళ్ళు దాన్ని ‘లా బోబెరా’ అనేవాళ్ళు, వెర్రితనమని. ఫ్రాన్సిస్కో లోపెరా 1980ల నుంచి ఆ ఇళ్ళు తిరిగి వంశవృక్షాలు గీశారు. ఒకే జన్యులోపం తరాల మీదుగా దిగుతోందని తేలింది. ప్రపంచంలోని అతిపెద్ద వంశపారంపర్య అల్జైమర్స్ సమూహం అది. వాళ్ళ బోబెరా మన చాదస్తం. ఆయన చేసిన మొదటి పని ఆ మాటను నమ్మకపోవడం.

రేపు పొద్దున్నే చేయగలిగింది

జోస్యానికన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. మతిమరుపుతో వచ్చిన ప్రతి మనిషికీ బి12, థైరాయిడ్ చూడాలి. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మింగేవాళ్ళలో బి12 తగ్గుతుంది. మూడు నెలల కింద బండి మీంచి పడ్డారా అని అడగాలి. మెదడు పొరల మధ్య మెల్లగా చేరిన నెత్తురు తీసేస్తే మనిషి మళ్ళీ మామూలవుతాడు. దిగులు కూడా మతిమరుపు వేషం వేస్తుంది. చెవులు వినపడకపోయినా అంతే.

2024 లాన్సెట్ కమిషన్ ప్రకారం డిమెన్షియాలో 45 శాతం దాకా, పద్నాలుగు కారణాలను సరిదిద్దితే ఆపడమో వాయిదా వేయడమో చేయవచ్చు. చిన్నప్పటి చదువు, వినికిడి, చూపు, బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, పొగ, మందు, తలదెబ్బ, దిగులు, ఒంటరితనం, కదలకపోవడం, లావు, గాలి కాలుష్యం. ఈ జాబితాలో పెట్ స్కాను లేదు. హెల్మెట్ ఉంది, చెవి మిషను ఉంది, ఆడపిల్ల బడి ఉంది.

ఇక ఆ షరతు సంగతి. అమ్మగారి అనుమతితోనే చెబుతున్నాను.

నా దగ్గర్నుంచి బలానికి మాత్రలు తీసుకెళ్ళిన నాలుగేళ్ళ తర్వాత మాస్టారు సొంత ఊళ్ళో దారి తప్పారు. అప్పుడు హైదరాబాదు పంపించాను. పరీక్షలు చేసి అల్జైమర్స్ అన్నారు. తిరిగొచ్చాక కాగితాలు నా బల్ల మీద పెట్టి అమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తగ్గుతుందా అని అడుగుతారని జవాబు కూడబలుక్కుంటున్నాను. ఆవిడ అడిగింది వేరు. “నాలుగేళ్ళూ కావాలనే చేస్తున్నాడనుకున్నా నాయనా. అన్నం తిని తినలేదంటే నన్ను నలుగుర్లో అల్లరి పెడుతున్నాడని రోజూ తిట్టా. ఇది జబ్బని ఒక్కరు చెప్తే తిట్టేదాన్నా?” అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ మళ్ళీ తిట్టలేదు. పాలవాడు వచ్చాడా అంటే వచ్చాడండీ అని ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు చెప్పేవారు. మందు వల్ల మాస్టారికి ఏమంత మేలు జరగలేదు. రోగనిర్ణయం వల్ల ఆ ఇంట్లో ఆయన చివరి మూడేళ్ళూ గౌరవంగా గడిచాయి. ఒక పేరుకు ఇంత బలముందని నాకు వైద్య కళాశాలలో ఎవరూ చెప్పలేదు.

నిధి పెట్టేటప్పుడు పేరెందుకు వద్దమ్మా అని అడిగితే ఆవిడన్నది ఇది: “ఆయన పేరు ఆఖరికి ఆయనకే గుర్తులేకపోయె. ఊళ్ళోవాళ్ళకెందుకు? జబ్బు పేరు చెప్పండి నాయనా. అది గుర్తుంటే చాలు.”

చెప్పాను. సెలవు.